ఏడవని ఇల్లు

మా అత్త ఇక ఎక్కువ కాలం బతకదని తెలిసిన దగ్గర్నుంచి మా ఇంటికి వచ్చినవాళ్లంతా నవ్వు ముఖాలతోనే వచ్చారు. బత్తాయిలు, బ్రెడ్డు ప్యాకెట్లు మంచం పక్కన పెట్టి, "వందనాలమ్మా, ఎంత ధన్యురాలివమ్మా! మా అందరికంటే ముందు ప్రభువు ముఖం చూడబోతున్నావు" అని చప్పట్లు కొడుతూ పాట ఎత్తుకునేవాళ్లు. పెళ్లికూతుర్ని అత్తారింటికి పంపేటప్పుడైనా ఎవరో ఒకరు కళ్లు తుడుచుకుంటారు. మా ఇంట్లో ఆ పాటి కూడా లేదు. తప్పు వాళ్లది కాదు. అలా ఉండమని వాళ్లకు నేర్పింది మా అత్తే.

ఆమె పేరు హన్నా. ఈ చుట్టుపక్కల అందరికీ బైబిలమ్మ. నూజివీడు నుంచి ముసునూరు దాకా మా సంఘం వాళ్లున్న పేటల్లో ఎవరికి ప్రాణం మీదికి వచ్చినా ముందు కబురు పెట్టేది పాస్టరు గారికి కాదు, ఈమెకే. చేతిలో గొడుగు, భుజాన సంచి, సంచిలో బైబిలు, కళ్లజోడు, నొప్పుల మందు డబ్బా. తోటల మధ్య మట్టి దారుల్లో నడిచి వెళ్లి, పోయే మనిషి మంచం పట్టె మీద కూర్చునేది. ఆమె కూర్చుంటే ఆ మనిషి నెమ్మదిగా వెళ్లిపోతాడని పేరు. అది అబద్ధం కాదు, నేను కళ్లారా చూశాను. భయంతో కళ్లు తేలేస్తున్నవాళ్లు కూడా ఆమె చెయ్యి పట్టుకుంటే సర్దుకునేవాళ్లు. పరలోకం గురించి స్వయంగా చూసి వచ్చినట్టే చెప్పేది.

ఊపిరి ఆగాక మాత్రం ఆమెలో ఇంకో మనిషి లేచేది. ఇంట్లో ఆడవాళ్లు ఇంకా నోరు తెరవకముందే, "ఏడవొద్దు. నిరీక్షణ లేనివాళ్లు ఏడుస్తారు, మనం కాదు. బయట నిలబడ్డ జనం ఏమనుకుంటారు? వీళ్ల పరలోకం ఉత్తదే అనుకోరూ? సాక్ష్యం పోతుంది" అనేది. అంతటితో గొంతులు అణిగిపోయేవి. హిందువుల ఇళ్లల్లో చావు జరిగితే తోట అవతలికి వినపడుతుంది. మా పేటలో చావు జరిగితే డోలక్, కంజీర వినపడతాయి. ఆ సంగతి మా అత్త గొప్పగా చెప్పుకునేది. బయటివాళ్లు మెచ్చుకున్న మాట కూడా నిజమే.

నాకు అది కొత్త. మా పుట్టిల్లు హిందువుల ఇల్లు, అందరం తోట పనివాళ్లం. ఎవరైనా పోతే మా ఆడవాళ్లు జుట్టు విరబోసుకుని, పోయినవాళ్ల ముచ్చట్లన్నీ చెప్పుకుంటూ శోకాలు పెడతారు. నేను పరదేశిని ప్రేమించి పెళ్లి చేసుకుని, బాప్తిస్మం తీసుకుని ఈ ఇంటికి వచ్చాను. పరదేశి అన్నది అతని పేరే, మా అత్తకు ఒక్కగానొక్క కొడుకు. మామిడి కోతల్లో పనిచేసేవాడు. గెడకు వల కట్టిన చిక్కం పట్టుకుని కొస కొమ్మ దాకా పాకి, కాయకు దెబ్బ తగలకుండా దించడంలో అతనికి మంచి పేరు. తోటల వాళ్లు ఇంటికి వచ్చి పిలుచుకెళ్లేవాళ్లు. ఒక వేసవిలో ఆ కొస కొమ్మే విరిగింది.

మా పిల్ల హారిక అప్పటికి చిన్న బడిలో ఉంది. నేను షెడ్డులో కాయలు గ్రేడింగు చేస్తుంటే ఎవరో వచ్చి ఇంటికి పదమన్నారు. ఎందుకో చెప్పలేదు. వచ్చేసరికి వాకిట్లో అతన్ని నులక మంచం మీద పడుకోబెట్టి ఉన్నారు. పాదాల మీద మామిడి సొన మరకలు ఇంకా ఆరలేదు. ఆ పాదాల మీద పడబోయాను. నా నోట్లోంచి కేక సగం వచ్చిందో లేదో మా అత్త అరచెయ్యి నా నోటి మీద పడింది. "ఏడవకు పిల్లా, ఊరంతా చూస్తోంది" అంది. కన్నకొడుకు శవం పక్కన నిలబడి, ఒక చేత్తో నా నోరు మూసి, రెండో చేత్తో చిన్నరాయప్పకు సైగ చేసింది. చిన్నరాయప్ప మా సంఘపెద్ద. సంఘంలో డోలక్ కొట్టేది ఆయనే. ఆయన కొట్టాడు.

అంతలో పక్కింటి బసవమ్మ వచ్చింది. వాళ్లూ హిందువులే, కూలి జనం. మా అత్త వాక్యం చెప్పడానికి ఊళ్లు తిరుగుతున్న రోజుల్లో పరదేశిని చంకనేసుకుని పెంచింది ఆమె. వీధిలోంచే "నా తండ్రీ" అని గుండెలు బాదుకుంటూ వచ్చింది. మా అత్త ఎదురు వెళ్లి ఆమె రెక్క పట్టుకుని, "బసవమ్మా, నా ఇంట్లో ఇది పనికిరాదు. ఏడవాలనుంటే మీ ఇంట్లో ఏడువు" అంది. అందరి ముందూ అంది. బసవమ్మ నోరు మూసుకుని వెళ్లిపోయింది. మళ్లీ మా గడప తొక్కలేదు. గోడకు గోడ ఆనుకుని ఉన్న ఇళ్లు మావి.

నా కేక ఆ సగం దగ్గరే ఆగిపోయింది. తర్వాత ఎప్పుడూ రాలేదు. మా అమ్మ పోయినప్పుడు శవం పక్కన కూర్చుని చూశాను, కళ్లు తడవలేదు. "వాళ్లల్లో కలిసి బండరాయివి అయిపోయావే" అని మా అక్క నా ముఖం మీదే అంది. సంఘంలో మాత్రం నాకు పేరు వచ్చింది. మొగుడు పోతే చుక్క కన్నీరు కార్చలేదు, అదీ విశ్వాసమంటే అని పక్క ఊళ్ల కూటాల్లో కూడా నన్ను ఉదాహరణగా చెప్పేవాళ్లట. వింటే ఒళ్లు మండేది. అది విశ్వాసం కాదు, పాడూ కాదు. రాలేదు, అంతే.

మరి ఆమెతో ఎందుకు ఉన్నావు అంటే, ఎక్కడికి పోను? పిల్ల ఉంది. అత్త వంట చేసేది, నేను పనికి వెళ్లేదాన్ని. అవసరమైన మాటలు మాట్లాడుకుంటూ, అవసరం లేనివి మింగేస్తూ ఒకే కప్పు కింద గడిపేశాం.

ఈ ఏడాది మామిడి కోతలు అయిపోయి, తోటలు దులిపేసి, మొదటి వానలకు రాలు కాయలు చెట్ల కింద కుళ్లుతున్న రోజుల్లో ఆమె మంచం పట్టింది. గుండె బలహీనపడి ఒంట్లోకి నీరు చేరిందన్నారు. నూజివీడు డాక్టరు గారు నీరు పోవడానికి బిళ్లలు రాసి, "ఇంటి దగ్గర ప్రశాంతంగా చూసుకోండమ్మా" అన్నారు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు, ఆమెకు ఇంకా బాగా తెలుసు. ఎంతమంది ఇళ్లల్లో విన్నదో. అప్పట్నుంచే ఈ నవ్వు ముఖాల రాకపోకలు మొదలయ్యాయి. మొదట్లో వాళ్లతో గొంతు కలిపేది. తర్వాత పాట మొదలవగానే గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. వచ్చినవాళ్లు అది నీరసమనుకున్నారు.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. ఏలూరులో నర్సింగు చదువుతున్న హారిక పరీక్షలని వెళ్లిపోయింది. నేను జావ తాగిస్తుంటే ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"సింధూరా, నాకు భయంగా ఉందే."

"నీకా?"

"నాకే."

వెక్కిరింపు నాలుక చివరిదాకా వచ్చింది, ఆపుకోలేదు. "అక్కడ బాధ లేదు, ఏడుపు లేదు అని అందరికీ చెప్పింది నువ్వేగా. ఇప్పుడేంటి, అదంతా అబద్ధమా?"

"అబద్ధమైతే భయమెందుకే? కళ్లు మూసుకుంటే అయిపోతుంది. నిజం గనకే భయం." ఊపిరి కోసం ఆగింది. "నేను వెళ్తే వాడే గదా ముందు ఎదురొచ్చేది. పరదేశి. అడుగుతాడు. అమ్మా, నా కోసం ఏడ్చావా అని అడుగుతాడు. ఏం చెప్పను? నేను ఏడవలేదురా, నీ పెళ్లాన్ని కూడా ఏడవనివ్వలేదు, డోలక్ కొట్టించాను అని చెప్పనా?"

"అక్కడ అలాంటివేవీ అడగరులే."

"నీకేం తెలుసు వాడి సంగతి? చిన్నప్పుడు మోకాలు చీరుకుపోతే, రక్తం ఆగిపోయినా సరే, నేను చూసి అయ్యో అనేదాకా అలాగే నిలబడి ఉండేవాడు." నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. "ఒక్కసారి ఏడవ్వే. నా ముందు ఏడువు. లేటయినా ఏడ్చిందిరా అని చెప్తాను వాడికి."

"ఆ రోజు నోరు మూసి, ఇవాళ ఏడవమంటే ఏడవనా? కుళాయా ఇది, తిప్పితే రావడానికి?"

గ్లాసు అక్కడే పెట్టేసి పెరట్లోకి వెళ్లి, తోమిన గిన్నెలే మళ్లీ తోమాను. నిజం చెప్పాలంటే ఆమె మీద జాలి కలగలేదు. ఇన్నాళ్లకు నీకూ తగిలిందా అని సంతోషమే కలిగింది. ఆమె పిలుస్తోంది, వినపడుతోంది. లోపలికి వెళ్లలేదు.

మర్నాడు సాయంత్రం టీ తీసుకెళ్తే, లేపి కూర్చోబెట్టమంది. గోడకున్న పరదేశి ఫోటో దించి ఒళ్లో పెట్టమంది. పెట్టాను. దాన్నే చూస్తూ కూర్చుంది. కాసేపటికి ముఖం వంకర్లు పోయింది, పెదాలు వణికాయి, భుజాలు కదిలాయి. కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు, ఆమె ఏడవడానికి ప్రయత్నం చేస్తోందని.

"రావట్లేదే" అంది, బెదిరిపోయిన పిల్లలాగా.

"ఆ బిళ్లలకు ఒంట్లో నీరంతా పోతోంది, అందుకే" అన్నాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను. ఎంతమందినో చేయి పట్టుకుని దాటించిన మనిషి, తన వంతు వచ్చేసరికి ఒక కన్నీటి చుక్క కోసం అలా అవస్థ పడుతుంటే చూడలేకపోయాను. నా కోపం పోలేదు. పోకుండానే జాలేసింది.

"బసవమ్మను పిలవ్వే" అంది ఆమె.

బసవమ్మ వాకిట్లో ఒరుగుల కోసం కోసిన మామిడి ముక్కలు ఆరబెట్టుకుని, మబ్బును తిడుతూ చాపలు ఎత్తుతోంది. నన్ను చూసి చూడనట్టు ఊరుకుంది.

"పిన్నీ, మా అత్త రమ్మంటోంది."

"ఎందుకంట? మళ్లీ గెంటడానికా?"

"ఏడవడానికి."

చాప కింద పెట్టేసింది. "బతికున్న మనిషి ముందు శోకం పెడతారటే ఎవరైనా? ఆ పాపం నాకెందుకు? పోయాక చూద్దాంలే."

"ఆమె కోసం కాదు పిన్నీ. పరదేశి కోసం."

బసవమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. పైకి చూసి, వాన వచ్చేలా ఉన్నా చాపలు అలాగే వదిలేసి నా వెనకే వచ్చింది. మా గుమ్మం దగ్గర మాత్రం ఆగిపోయింది.

"బసవమ్మా, ఆ రోజు నేను నిన్ను..." అని మా అత్త మంచం మీది నుంచి మొదలుపెట్టింది.

"ఆ సంగతి ఇప్పుడెందుకులే వదినా" అని బసవమ్మ గడప దాటి వచ్చి, కింద కూర్చుంది. ఫోటో అడిగి తీసుకుని పైట చెంగుతో తుడిచింది. జుట్టు ముడి విప్పుకుంది. మొదట మామూలు మాటలాగే మొదలుపెట్టింది.

"ఏరా నాన్నా, నన్ను మర్చిపోయావా? నా కొంగు పట్టుకుని తోటకొచ్చేవాడివి గదరా. తొక్కతో సహా తినేసి ముఖమంతా రసం చేసుకుని, ఇంకోటి ఇవ్వు చిన్నమ్మా అనేవాడివి గదరా." గొంతు అక్కడి నుంచి పైకి లేచింది. "బల్లిని చూస్తే నా వెనక దాక్కునేవాడివి, అంత చెట్టు ఎట్టా ఎక్కావు తండ్రీ? కొస కాయ ఎవరడిగారురా నిన్ను? పక్షులకు వదిలేస్తే పోయేది గదరా. అందరి కాయలూ భద్రంగా దించావే, నిన్ను దించేవాడు లేకపోయాడా నా తండ్రీ..."

ఇన్నేళ్లు గోడ అవతల ఆమె ఆ మాటలన్నీ దాచుకుని ఉందని నాకు తెలియదు. మా అత్త నోట్లోంచి ముందు ఒక మూలుగు వచ్చింది. తర్వాత ఇంకోటి. "నా బిడ్డా" అంది. ఆ మాటతో కట్ట తెగింది. కన్నీళ్లు ముడతల్లో ఇంకి, గడ్డం మీదుగా జాకెట్టు తడిసేలా కారాయి. బసవమ్మ కింద, ఆమె మంచం మీద, ఇద్దరూ ఒకే శ్రుతిలో ఏడ్చారు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. నా కళ్లు మండుతున్నాయి తప్ప ఏమీ రాలేదు.

అది శుక్రవారం. సాయంత్రం మా ఇంట్లో సంఘప్రార్థన పెట్టుకున్న సంగతి నేను మర్చేపోయాను. ఏడుపు వీధిలోకి వినపడి, బైబిలమ్మ పోయిందనుకుని వాళ్లు పరుగున వచ్చారు. చిన్నరాయప్ప డోలక్ భుజాన వేసుకుని అందరికంటే ముందు గుమ్మం ఎక్కాడు. పోయిందా అని అడగలేదు. "ఎవరా ఏడుస్తోంది?" అన్నాడు. ఏడుస్తున్న మా అత్తను చూసి కొయ్యబారిపోయాడు.

"ఏంటమ్మా ఇది? నీ ఇంట్లోనా?"

"కూర్చో రాయప్పా." ఆమె ముఖం తుడుచుకోలేదు. వెనక నిలబడ్డ పాస్టరు గారి వైపు చూసింది. ఉంగుటూరు నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడు ఆయన, మా అత్తంటే కొంచెం బెదురు. "అయ్యగారూ, బేతనియలో స్నేహితుడు చచ్చిపోతే సమాధి దగ్గర ప్రభువు ఏం చేశాడు?"

"ఏడ్చాడమ్మా."

"కాసేపట్లో వాణ్ణి చావులోంచి లేపబోతున్నానని ఆయనకు తెలుసా, తెలీదా?"

"తెలుసమ్మా."

"తెలిసీ ఏడ్చాడు. లేపే శక్తి చేతిలో పెట్టుకుని ఏడ్చాడు. ఆ అధ్యాయం నేను ఎన్ని చావు ఇళ్లల్లో చదివానో నాకే తెలీదు. ఆ ముక్క దగ్గర ఆగకుండా లేపిన ముక్క దగ్గరికి పరుగెత్తేదాన్ని. ఆయనే ఏడ్చిన చోట ఏడవొద్దనడానికి నేనెవర్ని?"

చిన్నరాయప్ప ముఖం ఎర్రబడింది. "మా ఆవిడ పోయినప్పుడు నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. గుర్తుందా నీకు? నా భుజం పట్టుకుని ఇటు తిప్పావు. డోలక్ చేతికిచ్చావు. వాయించాను. ఇప్పుడు చెప్తున్నావా ఈ మాట?"

"ఇప్పుడే తెలిసిందయ్యా."

"నేనేం చెయ్యనిక?"

ఆయన డోలక్ భుజాన సర్దుకుని, గుమ్మం దిగి వెళ్లిపోయాడు. వెళ్లి ఓదార్చాలని ఎవరికీ తోచలేదు. మాకు ఓదార్చడం అంటే పాట పాడడమే తెలుసు. పాస్టరు గారు మోకాళ్ల మీద కూర్చున్నారు గానీ ప్రార్థన ఎలా మొదలుపెట్టాలో తెలియక, చివరికి ఆమెన్ మాత్రం అన్నారు. నాకు ఆయన మీద మొదటిసారి గౌరవం కలిగింది.

అందరూ వెళ్లాక వాన అందుకుంది. బసవమ్మ ఒరుగుల కోసం పరుగెత్తింది. లైటు వేసి, మా అత్తకు స్పూనుతో నీళ్లు పడుతున్నాను. ఆమెలో ఇక ఓపిక లేదు. మాట పెదాల మీది నుంచే వస్తోంది.

"నీకు రాలేదా?"

"రాలేదు."

"నేనే ఆపాను. తప్పు నాదని చెప్తాలే వాడికి." కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. మళ్లీ తెరిచింది. "ఏడవకపోతే మానెయ్యి. వాడికేమైనా చెప్పమంటావా? వెళ్తున్నాను గదా."

నూజివీడు బజారుకు వెళ్తూ ఏమైనా తేవాలా అని అడిగినట్టే అడిగింది. నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది.

"ఏమీ లేదు" అన్నాను. స్పూను గ్లాసులో వేశాను. తర్వాత నా నోరు దానంతటదే, "హారిక నర్సింగులో చేరిందని చెప్పు" అంది.

"ఏలూరులో అని చెప్పనా?"

"చెప్పు. హాస్టల్లో ఉంటోందని. నవ్వితే అచ్చం ఆయన పళ్లేనని."

"ఊఁ."

"రేకులు తీసేసి స్లాబు వేయించామని చెప్పు. వానొస్తే ఇప్పుడు గిన్నెలు పెట్టక్కర్లేదని."

"ఊఁ. ఇంకా?"

"ఆ చెట్టు కొట్టేశారని చెప్పు."

"ఏ చెట్టు?"

"ఆయన పడిన చెట్టు. తోట మొత్తం తీసేసి పామాయిల్ వేశారు. ఇప్పుడు ఆ దారిన వెళ్తే ఎక్కడ పడ్డాడో కూడా తెలియదని చెప్పు." నా గొంతు నాకే వేరేగా వినపడింది. "ఆ రోజు ఆయన పాదాలు పట్టుకుందామనుకున్నానని చెప్పు. సొన మరకలున్నాయి, కడుగుదామనుకున్నాను. పట్టుకోనివ్వలేదని, నన్ను..."

తర్వాత మాట లేదు. అన్నేళ్ల కిందట సగంలో ఆగిన కేక మిగతా సగం వచ్చింది. నేల మీద కూలబడి, మంచం పట్టెకు తల బాదుకుంటూ ఏడ్చాను. పోయిన మొగుడి కోసం, మా అమ్మ కోసం, ఈ ముసలిదాని మీద కోపంతో, ఈ ముసలిది కూడా వెళ్లిపోతోందన్న దిగులుతో, ఏది దేనికోసమో తెలియకుండా ఏడ్చాను. ఆమె చెయ్యి మెల్లగా లేచింది. నా నోటి మీదికే వస్తోందనుకుని తల వెనక్కి లాక్కున్నాను. అది వచ్చి నా తల మీద పడింది.

"ఏడువమ్మా" అంది. "ఏడువు. నేను వింటున్నాను."

నా ఏడుపు సద్దుమణిగాక, ఆమె కళ్లు మూసుకునే అప్పగింతలు వల్లె వేసింది. "నర్సింగు. స్లాబు. చెట్టు. పాదాలు. ఇంకేమన్నా ఉందా?"

"ఇంకేం లేదు."

ఆదివారం గుడికి వెళ్లేవాళ్లు వీధిలో నడుస్తున్న వేళకు ఆమె ఊపిరి తేలికైంది. భయంగా ఉందా అని అడిగాను. "కొంచెం ఉంది" అంది. "వాణ్ణి చూస్తాను గదా, పర్లేదు." ఆ తర్వాత మాట్లాడలేదు. చేతిలో చెయ్యి ఉండగానే, నేను కొంగుతో ముఖం తుడుచుకుని చూసేసరికి, వెళ్లిపోయింది.

నేను గొంతెత్తి ఏడ్చాను. బసవమ్మ వచ్చి కలిసింది. హారిక ఏలూరు నుంచి వచ్చి నన్నలా చూసి జడుసుకుంది, పుట్టి బుద్ధెరిగాక తల్లి ఏడవడం చూడని పిల్ల. సంఘం ఆడవాళ్లలో ఒకావిడ నా చెవి దగ్గర, "సింధూరా, బయటివాళ్లు చూస్తున్నారు" అంది. చూడనివ్వమన్నాను. కొందరు పాడారు, కొందరు ఏడ్చారు, కొందరికి ఏం చెయ్యాలో తెలియక నా వంకే చూశారు. చిన్నరాయప్ప భూస్థాపనకు వచ్చాడు. ఉత్త చేతులతో వచ్చి సమాధుల తోట గేటు దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. ఆయన్ని పిలిచే ముఖం నాకు లేదు.

పెట్టె దించారు. అందరితోపాటు నేనూ గుప్పెడు మట్టి వేశాను. పంపు దగ్గర చేతులు కడుక్కుంటుంటే గుర్తొచ్చింది. నా పుట్టిల్లు చాట్రాయి. పరదేశి నన్ను ఒక్కనాడూ పేరు పెట్టి పిలవలేదు. వీధి మలుపులో ఉండగానే "ఏయ్ చాట్రాయీ" అని కేకేసేవాడు. ఆయన పోయాక నన్నలా పిలిచినవాళ్లు లేరు. పొయ్యి దగ్గర కూర్చున్నా నా చెవి ఇప్పటికీ వీధివైపే ఉంటుంది. చెప్పి పంపాల్సింది అదీ. స్లాబు సంగతి చెప్పాను, పామాయిల్ సంగతి చెప్పాను, ఇది చెప్పలేదు.

చేతులు తడిగానే ఉండగా గోతి దగ్గరికి మళ్లీ పరుగెత్తాను. అప్పటికే పూడ్చేసి, పారలతో పైన మట్టి చదును చేస్తున్నారు. ఇక ఆ మాట నేను వెళ్లినప్పుడు నేనే చెప్పుకోవాలి.